నేపియర్ ఒక్కటే చాలదు: గొర్రెలు, మేకల పచ్చిమేతపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ పచ్చిమేత గురించే. బీళ్లన్నీ ప్లాట్లు అవుతున్న కొద్దీ రంగారెడ్డి, మేడ్చల్, వికారాబాద్ వైపు మందను తోలుకుపోయే జాగా కరువవుతోంది. కొట్టంలో కట్టేసి మేపాలంటే గడ్డి మనమే పెంచుకోవాలి. ఏ గడ్డి, ఎంత, ఎప్పుడు కోయాలి అన్నదే చిక్కు.

ప్రశ్న: మాకు ఎకరం చెల్క, ఒక బోరు ఉన్నాయి. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు. ఎకరమంతా సూపర్ నేపియర్ పెట్టాం. గడ్డికి కొదవ లేదు గానీ కాడలన్నీ తొట్టిలోనే మిగులుతున్నాయి, పిల్లలు బరువు రావడం లేదు. ఇంకేం వేసుకోవాలి?
(చేవెళ్ల నుంచి ఒక రైతు)

జవాబు: మీరు గేదెకు పెంచాల్సిన తీరులో గడ్డి పెంచి గొర్రెకు వేస్తున్నారు. గేదె నాలుకతో చుట్టి లాగి మింగుతుంది. గొర్రె పెదవులతో ఏరుకుని ఆకు తింటుంది, కాడ వదిలేస్తుంది. అరవై రోజులు దాటిన నేపియర్ కాడ చెరకులా గట్టిపడుతుంది, ముక్కలు కొట్టినా దాని నోటికి ఎక్కదు. మీ దగ్గర మిగులుతున్నది అదే.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. నేపియర్ కడుపు నింపుతుంది గానీ కండ పట్టించదు. తేమ తీసేసి లెక్కగడితే దానిలో మాంసకృత్తులు 7 నుంచి 10 శాతం, ముదిరితే ఇంకా తక్కువ. ఎదిగే పిల్లలకు మేత మొత్తంలో 14 శాతమైనా ఉండాలి. ఆ లోటు తీర్చేది పప్పుజాతి ఆకు. దశరథ గడ్డి (హెడ్జ్ లూసర్న్ అన్నా ఇదే), లూసర్న్, అలసంద, అవిశ, సుబాబుల్ అన్నీ ఆ జాతివే. వీటిలో దాదాపు 16 నుంచి 25 శాతం దాకా మాంసకృత్తులు ఉంటాయి.

ముందు లెక్క చూద్దాం. 25, 30 కిలోల గొర్రెకు రోజుకు తేమ పోను కిలో మేత కావాలి. అంటే మూడున్నర కిలోల పచ్చిమేత, దానికి తోడు 300, 400 గ్రాముల ఎండుమేత. వేరుశనగ కట్టె గానీ కందిపొట్టు గానీ దొరికితే వరిగడ్డి కంటే ఎంతో మేలు. 21 జీవాలకు రోజుకు 75 కిలోల పచ్చిమేత, ఏడాదికి 27 టన్నులు. దీనికి ఎకరం నేపియర్ అక్కరలేదు.

మీ 40 గుంటల్ని ఇలా పంచుకోండి. నేపియర్ 10 గుంటలు ఉంచండి, మిగతాది తీసేయండి. దశరథ గడ్డి 15 గుంటలు. ఇంకో 10 గుంటల్లో వానాకాలం జొన్న, అలసంద కలిపి, యాసంగిలో లూసర్న్. మిగిలిన 5 గుంటల్లోనూ గట్ల మీదా అవిశ, సుబాబుల్, మునగ. బోరు బాగా పోస్తే ఏడాదికి పది గుంటల నేపియర్ నుంచి 15 టన్నులు, పదిహేను గుంటల దశరథ నుంచి 10 టన్నులు వస్తాయని చూసుకోవచ్చు. విత్తనాల సంచుల మీద రాసే దిగుబడి ఇంతకు ఎక్కువే ఉంటుంది, దాన్ని నమ్మి మంద పెంచుకోకండి.

నేపియర్‌ను 30, 35 రోజులకు, నడుము ఎత్తు రాగానే కోయండి. పది గుంటల్ని ముప్పై మడులుగా విడగొట్టి రోజుకొకటి కోస్తూ పోతే తిరిగి మొదటి మడికి వచ్చేసరికి గడ్డి సరైన వయసులో ఉంటుంది. ముక్క అంగుళం దాటొద్దు. మరీ లేతగా, మోకాలి ఎత్తులోనే కోసినా మంచిది కాదు: నీరు ఎక్కువ, ఆక్సలేట్లు ఎక్కువ. ఆక్సలేట్లు కాల్షియంను పట్టేస్తాయి కాబట్టి నేపియర్ మేపేవాళ్లు రోజుకు తలకు 10 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలపాలి.

తొట్టిలో వేసేటప్పుడు రెండు వంతుల గడ్డికి ఒక వంతు పప్పుజాతి ఆకు. పాలిచ్చే గొర్రెలకు, పాలు మాన్పిన పిల్లలకు సగం సగం వేసినా పర్వాలేదు. కానీ ఒక్కరోజులో మార్చకండి. కొత్త మేత మొదటి రోజు పిడికెడు, పది రోజులకు పూర్తి పాళ్లు. నెమరు పొట్టలోని సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటు పడటానికి అంత సమయం కావాలి. తొందరపడితే పారుడు పట్టుకుంటుంది, దానికి నింద కొత్త గడ్డి మీద పడుతుంది.

అవిశ గురించి ఒక మాట. సుబాబుల్‌ను మోకాలి ఎత్తులో నరికినా చిగురిస్తుంది. అవిశను అలా పదేపదే మొదలంటా నరికితే చచ్చిపోతుంది. మూడడుగుల ఎడంలో నాటి, ఎనిమిది నెలలు ఎదగనిచ్చి, మీటరు ఎత్తు కాండం వదిలి పక్క కొమ్మలు మాత్రమే కోసుకోవాలి. ఆ తర్వాత రెండు, రెండున్నర నెలలకొక కోత.

ప్రశ్న: దశరథ గడ్డి విత్తనం రెండుసార్లు వేశాం. పదిలో రెండు కూడా మొలవలేదు. విత్తనం నకిలీదా?
(యాచారం)

జవాబు: నకిలీది కాకపోవచ్చు. ఈ విత్తనానికి పైపొట్టు గట్టి, నీళ్లు లోపలికి పోవు. నేరుగా చల్లితే కొన్ని ఇప్పుడు, కొన్ని మూడు నెలలకు, కొన్ని వచ్చే ఏడాది మొలుస్తాయి. సుబాబుల్‌కూ, స్టైలో అనే ఇంకో పప్పుజాతి మేతకూ ఇదే గుణం.

నీళ్లు మరిగించి పొయ్యి మీంచి దించి కాసేపు ఆగండి. 80 డిగ్రీలకు రావాలి. థర్మామీటర్ లేకపోతే నాలుగు లీటర్ల మరిగిన నీళ్లకు లీటరున్నర చన్నీళ్లు కలిపితే ఆ దరిదాపుల్లోకి వస్తుంది. అందులో విత్తనం పోసి నాలుగైదు నిమిషాలు కలియబెట్టి, వెంటనే వేడినీళ్లు వంపేసి, చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దుటికి ఉబ్బిన గింజలే మొలిచేవి. ఉబ్బనివి ఎక్కువ ఉంటే వాటిని ఏరి మళ్లీ ఒకసారి వేడినీళ్లలో వేయాలి. పొయ్యి మీద ఉడుకుతున్న నీళ్లలో మాత్రం వేయొద్దు, మొలక మాడిపోతుంది. రైజోబియం కల్చర్ (పప్పుజాతి వేళ్లకు నత్రజని అందించే సూక్ష్మజీవుల మందు) పట్టించేవాళ్లు నీడన ఆరాక పట్టించాలి.

ఎకరాకు 8 కిలోలు, 15 గుంటలకు 3 కిలోలు సరిపోతాయి. ఆఖరి దుక్కిలో 15 గుంటలకు నాలుగు టన్నుల పశువుల ఎరువు, ఒక 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ బస్తా. సాళ్ల మధ్య ఒకటిన్నర అడుగు. గింజ చిన్నది, అర అంగుళం కంటే లోతుకు పోకూడదు. మీది చెల్క అయితే వాన పడి ఎండగానే పైన అట్ట కడుతుంది, మొలక దాన్ని చీల్చుకు రాలేదు. అందుకే విత్తిన రోజు ఒక తడి, మూడో రోజు తేలికగా ఇంకో తడి ఇవ్వండి. మొదటి నెల మొక్క నత్తనడకే. ఆ నెలలో రెండుసార్లు కలుపు తీయనివాళ్లకు గరిక తప్ప దశరథ మిగలదు.

మొదటి కోత 90 రోజులకు. మొక్క నడుము దాటిందని 50 రోజులకే కోసేవాళ్లు చాలామంది. వేరు ఇంకా పట్టదు కాబట్టి దుబ్బులు చచ్చి మధ్యమధ్య ఖాళీలు పడతాయి. నేల నుంచి ఒకటిన్నర అడుగు వదిలి కోయాలి, ఆ తర్వాత 40 రోజులకొకసారి. ఈ పద్ధతి తప్పకపోతే ఒకసారి వేసింది మూడు నాలుగేళ్లు ఉంటుంది. లూసర్న్‌లా దీనితో కడుపు ఉబ్బరం రాదు. గొర్రెల మేతకు ఒకే ఒక్క పప్పుజాతి పంట పెట్టుకునే స్తోమత ఉంటే ఇదే పెట్టుకోమంటాం.

ప్రశ్న: సుబాబుల్ రొట్ట రెండు నెలలుగా వేస్తున్నాం. గొర్రెలకు వెంట్రుకలు ఊడుతున్నాయి. గజ్జి మందు కొట్టించినా తగ్గలేదు.
(షాద్‌నగర్)

జవాబు: గజ్జి అయితే దురద ఉంటుంది, చర్మం పొరలు కడుతుంది. దురద లేకుండా కుచ్చులు కుచ్చులుగా ఊడి వస్తుంటే అది సుబాబుల్‌లోని మిమోసిన్ అనే విష పదార్థం పని. లేత చిగుళ్లలో, గింజల్లో ఇది ఎక్కువ. వెంట్రుకల వేళ్లను దెబ్బతీస్తుంది, పొట్టలో అది మారి తయారయ్యే పదార్థం గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథిని ఉబ్బిస్తుంది. చూడి గొర్రెలకు ఎక్కువగా వేస్తే పిల్లలు బలహీనంగా పుడతాయి.

వెంటనే ఆపేసి అవిశ గానీ దశరథ గానీ వేయండి, వెంట్రుకలు తిరిగి వస్తాయి. తర్వాత మళ్లీ మొదలుపెట్టినా మొత్తం పచ్చిమేతలో మూడో వంతు దాటనీయొద్దు. అంటే మూడున్నర కిలోల్లో కిలో. చిగుళ్లు మాత్రమే దూసి వేయకుండా కొమ్మ మొత్తం వేస్తే ముదురు ఆకూ కలుస్తుంది. సుబాబుల్ మంచి మేత, పాళ్లు తప్పితేనే చెడుపు.

ప్రశ్న: జూన్‌లో వేసిన పశుగ్రాస జొన్న వానలు లేక గిడసబారింది. మొన్న వాన పడి పచ్చగా పిలకలు వేసింది. మందను తోలవచ్చా?
(కందుకూరు)

జవాబు: తోలొద్దు. మన పెద్దలు నాము అనేది దీన్నే. లేత జొన్నలో, ఎండకు గిడసబారి వానకు కొత్త పిలక వేసిన జొన్నలో హైడ్రోసయానిక్ ఆమ్లం పుట్టే పదార్థం పోగుపడుతుంది. ఖాళీ కడుపుతో ఆబగా మేసిన గొర్రె పావుగంటలో ఎగపోస్తూ తూలి పడిపోతుంది. చిగుళ్లు, రక్తం ఎర్రగా మెరుస్తాయి. విరుగుడుగా సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ నరానికి ఎక్కించాలి. ఆ పని డాక్టరుదే, సమయం చాలా తక్కువ. అందుకే మండల పశువైద్యశాల ఫోన్ నంబరు కొట్టం గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి.

మంచి వాన పడ్డాక రెండు, మూడు వారాలు ఎదగనివ్వండి. పూత దశలో కోస్తే భయం ఉండదు. కోఎఫ్‌ఎస్ 29 లాంటి బహుకోత జొన్నకు మొదటి కోత 65 రోజులకు, ఆ తర్వాతవి 45 రోజులకు అని చెప్పడంలో దిగుబడితో పాటు ఈ జాగ్రత్త కూడా ఉంది. కోసిన జొన్నను బాగా ఎండబెడితే ఈ విషం చాలావరకు పోతుంది. కానీ బెట్టలో యూరియా ఎక్కువ వేసిన జొన్నలో నైట్రేట్లు కూడా పోగుపడతాయి, అవి ఎండబెట్టినా పోవు. బెట్టలో ఉన్న పశుగ్రాసానికి యూరియా వేయకండి.

తొలి వానల పచ్చికతో ఇంకో ప్రమాదం చిటుక రోగం. రాత్రి బాగున్న పిల్ల పొద్దుటికి చచ్చి ఉంటుంది. టీకా వానలకు ముందే వేయించాలి, మేత మార్చేటప్పుడు ఎండుగడ్డి పెట్టి కడుపు సగం నిండాకే పచ్చిక మీదికి తోలాలి.

ప్రశ్న: భూమి లేదు. షెడ్డులో ట్రేలు పెట్టి నీళ్లతోనే మొక్కజొన్న గడ్డి పెంచితే కిలో గింజకు ఆరు కిలోల గడ్డి వస్తుందంటున్నారు. లాభమేనా?
(ఘట్‌కేసర్)

జవాబు: ఆరు కిలోలు వస్తుంది, అబద్ధం కాదు. కానీ పెరిగింది నీళ్ల బరువు. కిలో మొక్కజొన్నలో తేమ పోను 880 గ్రాముల మేత ఉంటుంది. ఎనిమిది రోజుల తర్వాత వచ్చిన ఆరు కిలోల గడ్డిలో తేమ పోను 12, 13 శాతమే, అంటే 750 గ్రాములు. మొలకెత్తడానికి గింజ తన పిండినే ఖర్చు చేసుకుంది. మీరు గింజ కొని, కరెంటు పెట్టి, మనిషిని పెట్టి మేతను తగ్గించుకున్నట్టు. జీర్ణం తేలిక, విటమిన్లు ఎక్కువ అన్నది నిజమే. పాలిచ్చే నాలుగు మేకలకు, పాలు మాన్పే పిల్లలకు తలకు అరకిలో, కిలో చొప్పున వేసుకోవచ్చు. మందకంతా ఇదే మేత అంటే గిట్టదు.

పెట్టేవాళ్లు ఒక్కటి మర్చిపోవద్దు: దుకాణంలో దొరికే విత్తన మొక్కజొన్నకు శిలీంధ్ర మందు పట్టించి ఉంటుంది, గులాబీ రంగో ఎరుపో ఉంటుంది. అది జీవాలకు వేయరాదు. తినే గింజే తీసుకోండి, విరిగినవి ఏరేయండి. ట్రేలో నల్లగా, ఆకుపచ్చగా బూజు కనిపిస్తే ఆ ట్రే మొత్తం పారేయాలి, పైన దులిపి వేయడం కాదు. ఏప్రిల్, మే ఎండల్లో రేకుల షెడ్డులో బూజు రాకుండా ఆపడం దాదాపు అసాధ్యం.

ప్రశ్న: అజొల్లా వేస్తే దాణా మానేయొచ్చా?
(మేడ్చల్)

జవాబు: మానేయలేరు. అజొల్లా అంటే పేడ కలిపిన నీటి గుంటలో తేలుతూ పెరిగే నాచులాంటి చిన్న మొక్క. దానిలో నూటికి 93, 94 వంతులు నీళ్లే. కిలో అజొల్లా అంటే 60 గ్రాముల పొడి మేత. ఆ 60 గ్రాముల్లో ఐదో వంతు నుంచి పావు వంతు దాకా మంచి మాంసకృత్తులు, కాబట్టి దాణాలో కొంత తగ్గించుకోవచ్చు. తలకు రోజుకు 300 గ్రాములు, పేడ వాసన పోయేదాకా మూడు నీళ్లు కడిగి, దాణాలో కలిపి అలవాటు చేయండి. గొయ్యి మీద షేడ్ నెట్ లేకపోతే మన వేసవికి ఎర్రబడి చచ్చిపోతుంది.

ప్రశ్న: పాతబస్తీలో ఇంటి మీద బక్రీదు కోసం నాలుగు మేకపోతులు పెంచుతున్నాం. మార్కెట్లో పారేసే కాలీఫ్లవర్, క్యాబేజీ ఆకులు తెచ్చి వేస్తే చాలా?
(చార్మినార్ ప్రాంతం)

జవాబు: ఆ ఆకులే పూర్తి మేత అయితే ఉబ్బరం, పారుడు తప్పవు. తలకు కిలో దాటకుండా, ముందు శనగపొట్టో కందిపొట్టో పెట్టి, ఆ తర్వాత వేయండి. కాలీఫ్లవర్‌కు పురుగు మందులు ఎక్కువ కొడతారు కాబట్టి పై ఆకులు తీసేసి, మిగతావి నీళ్లలో కడగండి. మొక్కజొన్న పొత్తుల పైపొరలు, బఠాణీ తొక్కలు వీటికంటే మంచివి. కుళ్లినవి, బంగాళాదుంప మొలకలు, పచ్చబడిన దుంపలు వద్దు.

మేక తలెత్తి కొరికే జీవం. నేల మీద వేసిన ఆకును తొక్కి వదిలేస్తుంది. అవిశ, మునగ, రావి, మర్రి కొమ్మల్ని కట్టగట్టి దాని తల ఎత్తులో వేలాడదీస్తే ఆకు ఒక్కటీ మిగలదు. రోడ్ల మధ్య, పార్కుల్లో కత్తిరించి పడేసిన కొమ్మలు తెచ్చేటప్పుడు మాత్రం కళ్లు పెట్టి చూడండి. అందులో గన్నేరు ఉంటుంది. కొద్ది ఆకులే గుండె ఆపేస్తాయి, ఎండినా విషం పోదు.

కడుపు ఎడమవైపు డోలులా ఉబ్బితే ముందు డాక్టరుకు ఫోన్ చేయండి. వచ్చేలోపు 50 నుంచి 100 మిల్లీలీటర్ల పల్లీ నూనె తాగించి, ముందుకాళ్లు ఎత్తు మీద ఉండేలా నిలబెట్టండి. తల పైకెత్తి గొంతులో పోస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తల మామూలుగా ఉంచి, పెదవి పక్క నుంచి కొద్దికొద్దిగా పోయాలి.

ప్రశ్న: బోరు లేదు, వానాధారం. రెండెకరాల ఎర్రనేల బీడుగా ఉంది. ఏం వేయాలి?
(వికారాబాద్)

జవాబు: అంజన్ గడ్డి, స్టైలో హెమటా. తొలకరికి దున్ని, అంజన్ మూడు సాళ్లకు స్టైలో ఒక సాలు. ఒక్కటే వేస్తే అంజన్ ఎకరాకు 3 కిలోలు, స్టైలో 4 కిలోలు పడుతుంది, కలిపి వేసినప్పుడు ఆ పాళ్లలో తగ్గించుకోండి. అంజన్ గింజ దూదిలా తేలిపోతుంది, తడి ఇసుకలో కలిపి పైపైన చల్లి ముళ్లకంపతో లాగితే చాలు. స్టైలోకు పైన చెప్పిన వేడినీళ్ల పద్ధతే. మొదటి ఏడాది మందను అందులోకి వదలొద్దు. గింజ రాలి, రెండో ఏడాది నేల కప్పుకుంటుంది.

గట్ల మీద గిరిపుష్పం కొమ్మలు మూడడుగులవి తొలకరిలో పాతండి. కోయగానే వాసనకు జీవాలు ముట్టవు, ఒక రాత్రి వాడబెట్టి వేస్తే తింటాయి. బూజు పట్టింది మాత్రం వేయొద్దు, రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతింటుంది. వేసవికి ముళ్లు లేని నాగజెముడు ఒక మూల పెట్టుకోవచ్చు: మట్టలను నీడలో పది, పదిహేను రోజులు ఉంచి కోత మానాక, నీరు నిలవని చోట మూడో వంతు భూమిలోకి దించాలి. దానిలో 90 శాతం నీరే, మాంసకృత్తులు తక్కువ. ముక్కలు కోసి ఎండుగడ్డితో కలిపి వేస్తేనే మేత, ఒక్కటే వేస్తే పారుడు.

విత్తనం కోసం మామిడిపల్లిలోని ప్రాంతీయ పశుగ్రాస కేంద్రంలో, రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో, మీ మండల పశువైద్యశాలలో అడగండి. మే నెలలోనే అడిగి పెట్టుకుంటే తొలకరికి చేతిలో ఉంటుంది.

ప్రశ్న: మూసీ ఒడ్డున పారా గడ్డి చవకగా దొరుకుతుంది. గొర్రెలకు వేయవచ్చా?
(ఉప్పల్)

జవాబు: పారా గడ్డి తప్పేమీ లేదు, అది పెరిగే నీళ్లతోనే ఇబ్బంది. నీరు నిలిచిన చోట నత్తలుంటాయి. నత్తల నుంచి వచ్చిన కార్జపు జలగ (కాలేయంలో చేరే పరాన్నజీవి) పిల్లదశ గడ్డి కింది భాగానికి అంటుకుని ఉంటుంది. గేదె కొంత తట్టుకుంటుంది, గొర్రె తట్టుకోలేదు: దవడ కింద నీరు దిగుతుంది, కళ్లు తెల్లబడతాయి, ఎండిపోయి చస్తుంది. పైగా నగరం మురుగు, ఫ్యాక్టరీల నీళ్లు కలిసిన చోట పెరిగిన గడ్డిని రోజూ మేపడం మేము ఒప్పుకోము. మాంసం తినేది మనుషులు.

మేత దొరక్క కొన్నాళ్లు తప్పనిసరైతే నీటి మట్టానికి జానెడు పైన కోసిన గడ్డే తీసుకోండి, రెండు రోజులు ఎండలో పలచగా ఆరబెట్టండి, మొత్తం పచ్చిమేతలో మూడో వంతు మించనీయకండి. ఆ గడ్డి తిన్న మందకు పేడ పరీక్ష చేయించి, జలగకు పనిచేసే మందు డాక్టరు రాసిన మోతాదులో తాగించండి. మామూలు నట్టల మందులన్నీ కార్జపు జలగ మీద పనిచేయవు. మందు ఇచ్చేముందు చూడి గొర్రెల్ని డాక్టరుకు చూపించి చెప్పండి.